స్త్రీవ్యాధుల వైద్యశాలకు ఎవరు రావలెను?

ఆసుపత్రిలో స్త్రీవ్యాధుల విభాగము ముందు బల్లపై కూర్చున్నవారందరును స్త్రీలే అయి యుందురని మనము తలంతుము. పలుమారులు అది నిజమే. కాని ఎల్లప్పుడును నిజము కాదు.

ఒక ఉదాహరణము తీసికొందము. ముప్పది యైదేండ్ల వయస్సు గల ఒకరు ఆ గది వద్దకు వచ్చినారనుకొందము. ఆయనకు గడ్డము, మీసము కలవు. పుట్టినప్పుడు ఆడశిశువని వ్రాయబడినను, ఆయన తన్ను పురుషునిగనే ఎరుగును, అట్లే జీవించుచున్నాడు. నాలుగు సంవత్సరములుగా వైద్యుని సలహాపై టెస్టోస్టిరోన్ అను హార్మోను తీసికొనుచున్నాడు. ఏనాడో నిలిచిపోయిన రక్తస్రావము రెండు మాసములుగా మరల కనిపించుచున్నది. చీటీ వ్రాయువారు పాత పేరుతో బిగ్గరగా పిలిచినారు. బల్లపై నున్నవారు తిరిగి చూచినారు, ఎవరో నవ్వినారు. ఆయన లేచి ఇంటికి పోయినాడు. ఇట్లు రోగి తిరిగిపోవునేగాని, వ్యాధి తిరిగిపోదు. ఇట్టివారికి వలయు వైద్యమెట్టిదో తెలుపుటయే ఈ పాఠము ఉద్దేశము.

లింగభావము వ్యాధి కాదు

తాను స్త్రీయని గాని, పురుషుడని గాని, ఈ రెండును కానని గాని మనిషికి అంతరంగమున గల ఎరుకను లింగభావమందురు. పుట్టినప్పుడు వ్రాయబడిన లింగముతో ఈ ఎరుక కలియనివారిని ట్రాన్స్‌జెండర్ వ్యక్తులనుచున్నారు. ఆడశిశువని వ్రాయబడి పురుషునిగా జీవించువారు ట్రాన్స్ పురుషులు. మగశిశువని వ్రాయబడి స్త్రీగా జీవించువారు ట్రాన్స్ స్త్రీలు. మన దేశమున 2011 జనాభా లెక్కలలో 4,87,803 మంది స్త్రీ పురుషులలో చేరక ‘ఇతరులు’ అను వర్గమున నమోదైరి.

ఇది మనోవ్యాధి కాదు. 2022 జనవరి 1 నుండి అమలునకు వచ్చిన వ్యాధుల అంతర్జాతీయ వర్గీకరణములో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయమును మనోవ్యాధుల అధ్యాయమునుండి తొలగించి, లైంగిక ఆరోగ్యమునకు సంబంధించిన అధ్యాయమున చేర్చినది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు రాజ్యాంగపు ప్రాథమిక హక్కులన్నియు వర్తించునని మన సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న తీర్పు చెప్పినది. 2019లో పార్లమెంటు చేసిన చట్టము హార్మోను చికిత్సకును, శస్త్రచికిత్సకును ప్రభుత్వములు వసతి కల్పించవలెనని విధించినది.

అవయవమును బట్టి పరీక్ష

ఇందు జ్ఞాపకముంచుకొనవలసిన ముఖ్యసూత్రము ఒక్కటియే: పేరును బట్టి గాని, వేషమును బట్టి గాని కాక, శరీరమున నున్న అవయవములను బట్టి పరీక్ష జరుగవలెను.

గర్భాశయ ముఖమునకు వచ్చు కాన్సరునకు దాదాపు ఎల్లప్పుడును హెచ్.పి.వి. అను వైరసు దీర్ఘకాలము శరీరమున నిలిచియుండుటయే కారణము. వైరసు సోకిన పిదప కాన్సరు ఏర్పడుటకు సాధారణముగా అనేక సంవత్సరములు పట్టును. కావున ముందే పరీక్షించినచో దానిని ఆరంభదశలోనే నివారింపవచ్చును. గర్భాశయ ముఖముపై ఎసిటిక్ ఆమ్లపు పలుచని ద్రావణము పూసి, ఒక నిమిషము పిదప తెల్లని మచ్చలు కన్పడునేమో చూచుట సులభమైన పద్ధతి. 2016లో వెలువడిన మన జాతీయ మార్గదర్శకములలో 30 మొదలు 65 సంవత్సరముల వరకు వయస్సు గల స్త్రీలకు ఐదు సంవత్సరముల కొకమారు ఈ పరీక్ష సూచింపబడినది. గర్భాశయ ముఖము గల ట్రాన్స్ పురుషునకును ఈ అపాయము తప్పదు గనుక ఈ పరీక్ష అవసరమే. గర్భాశయమును తొలగించినను ముఖభాగమును మిగిల్చియుండిన యెడల పరీక్ష మానరాదు.

టెస్టోస్టిరోన్ వలన యోని పొర పలుచబడి పొడిబారును. అప్పుడు పరీక్ష నొప్పి కలిగింపవచ్చును. చిన్న పరిమాణము గల స్పెక్యులమ్ వాడి, తొందరపడక పరీక్షించిన బాధ తగ్గును. హెచ్.పి.వి. పరీక్షకు రోగి తానే నమూనా తీసికొని ఇచ్చు పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకములలో అంగీకరించినది. లోపలి పరీక్షకు వెరచువారికి ఇది గొప్ప సహాయము.

రొమ్ములను తొలగించు శస్త్రచికిత్స జరిగినను కొంత కణజాలము మిగిలియుండవచ్చును. గడ్డ తగిలినచో వైద్యునకు చూపవలెను.

హార్మోనుల విషయము

టెస్టోస్టిరోన్ ఆరంభించిన పిదప పెక్కుమందిలో కొన్ని మాసములలో బహిష్టులు నిలిచిపోవును. ఇక గర్భము రాదని కొందరు నమ్ముదురు. ఇది పొరపాటు. బహిష్టులు లేకున్నను అండము విడుదల కావచ్చును, గర్భము నిలువవచ్చును. ఆ హార్మోను గర్భస్థమైన ఆడశిశువు అవయవ నిర్మాణమునకు హాని చేయగలదు. కావున గర్భమునకు అవకాశమున్నవారు నిరోధ్, కాపర్-టి వంటి సాధనములను వైద్యుని సలహాతో వాడవలెను. మున్ముందు సంతానము కోరువారు చికిత్సకు పూర్వమే అండములను గాని, శుక్లమును గాని భద్రపరచుటను గురించి అడిగి తెలిసికొనుట మేలు.

నిలిచిన రక్తస్రావము మరల వచ్చినచో ఉపేక్షింపరాదు. మందు క్రమము తప్పుట, గర్భము, గర్భాశయములో కంతులు, అరుదుగా కాన్సరు దీనికి కారణములు కావచ్చును. ఏది కారణమో పరీక్షించిననే తెలియును.

ట్రాన్స్ స్త్రీలలో కొందరు వైద్యుని చూడకయే, మందుల దుకాణమున గర్భనిరోధక మాత్రలు కొని అధికముగా మ్రింగుచున్నారు. ఆ మాత్రలలోని ఈస్ట్రోజెన్ వలన రక్తము గడ్డకట్టు అపాయము హెచ్చును. పొగ త్రాగువారికి మరింత హెచ్చును. ఒక కాలు వాచి నొప్పి పుట్టినను, హఠాత్తుగా రొమ్ములో నొప్పియో ఆయాసమో కలిగినను వెంటనే ఆసుపత్రికి పోవలెను. హార్మోనులు తీసికొనువారందరును నియమిత కాలమున రక్తపరీక్ష చేయించుకొనవలెను.

శస్త్రచికిత్సచే యోని నిర్మింపబడిన ట్రాన్స్ స్త్రీలకు గర్భాశయ ముఖముండదు. వారికి ఆ కాన్సరు పరీక్ష అవసరము లేదు. కాని ప్రోస్టేట్ గ్రంథి సాధారణముగా మిగిలియే యుండును. శస్త్రచికిత్స చేసిన డాక్టరు చెప్పిన క్రమమున వ్యాకోచసాధనమును వాడనిచో మార్గము సన్నబడవచ్చును. రక్తము, దుర్వాసన గల స్రావము, మూత్రబాధ కన్పించినచో సిగ్గుపడి దాచరాదు.

సుఖవ్యాధులు

సవాయి, గనేరియా, హెచ్.ఐ.వి. మొదలగునవి ఎవరి లింగభావమును చూచి రావు. రక్షణ లేని సంపర్కము వలన వచ్చును. కావున వైద్యుడు ‘మీరు ఎవరు?’ అని కాక, ‘ఏ విధమైన సంపర్కము కలదు? రక్షణ వాడుచున్నారా?’ అని అడుగవలెను. ప్రభుత్వ ఐ.సి.టి.సి. కేంద్రములలో హెచ్.ఐ.వి. పరీక్ష ఉచితము. రోగి అంగీకారము లేనిదే పరీక్ష చేయరాదనియు, ఫలితమును రహస్యముగా నుంచవలెననియు 2017 నాటి చట్టము చెప్పుచున్నది.

సిబ్బంది చేయవలసినది

పైన చెప్పిన ఉదాహరణమునకు మరల వత్తము. ఆయన తిరిగిపోకుండుటకు ఖరీదైన యంత్రములు అక్కరలేదు. ‘మిమ్ములను ఏ పేరుతో పిలువవలెను?’ అని మెల్లగా అడిగి, ఆ పేరునే చీటీపై వ్రాసినచో చాలును. గదిలో డాక్టరు మొదట ఆయన వచ్చిన బాధను గురించియే ప్రశ్నించవలెను. ఏ పరీక్ష, ఎందుకో చెప్పి, అనుమతి పొందవలెను. ‘ఆపుము’ అనినచో ఆపవలెను. కుతూహలము తీర్చుకొనుటకు ప్రశ్నలు వేయుటయు, పదిమందిని పిలిచి చూపుటయు వైద్యధర్మము కాదు. లింగభావమును ‘మార్చెదము’ అను చికిత్సలను వృత్తిదోషముగా జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించినది.

కుటుంబమువారికి ఒక మనవి. మీ బిడ్డయో, తోబుట్టువో ఇట్టివారైనచో, ఆసుపత్రికి ఒంటరిగా పంపకుడు. తోడుగా వచ్చి ఆ బల్లపై ప్రక్కన కూర్చున్నవారు ఒక్కరున్నను, పిలుపు వచ్చువరకు కూర్చుండు ధైర్యము వారికి కలుగును.

గుర్తుంచుకొనుడు

1. ఉన్న అవయవమునకు ఉండవలసిన పరీక్ష చేయించుకొనుడు.
2. హార్మోను గర్భనిరోధక సాధనము కాదు.
3. నిలిచిన రక్తస్రావము తిరిగి కన్పించినచో ఆలసింపక డాక్టరునకు చూపుడు.
4. వైద్యుని సలహా లేనిదే హార్మోనులను తీసికొనకుడు.
5. బల్లపై మీ ప్రక్కన ఎవరు కూర్చున్నను, వారును మీవలెనే వైద్యమునకై వచ్చినవారని తలపుడు.