వినికిడి మిషను ఎన్నాళ్ళు పనిచేస్తుంది? ఎప్పుడు మార్చుకోవాలి?

"నాన్నగారి చెవి మిషను పాడైపోయిందండీ, కొత్తది రాయండి." చెవి పరీక్ష చేయించడానికి వచ్చే కుటుంబాలు తరచుగా చెప్పే మాట ఇది. తీరా చూస్తే కొన్నిసార్లు గొట్టంలో గుబిలి అడ్డుపడి ఉంటుంది, అంతే. మరికొన్నిసార్లు మిషను బాగానే ఉంటుంది, చెవి వినికిడే ఇంకా తగ్గి ఉంటుంది. కారణం తెలుసుకోకుండా మిషను బీరువాలో పెట్టేస్తే, ఆ పెద్దాయన ఇంట్లో మాటలకూ, చర్చిలో ప్రసంగానికీ క్రమంగా దూరమైపోతారు. అందుచేత ఏది పాతబడింది అన్నది ముందుగా తెలుసుకోవాలి.

ఎంతకాలం మన్నుతుంది?

మంచి మిషను సుమారు 5 సంవత్సరాలు పనిచేస్తుంది. వాడకాన్ని బట్టి కొన్ని 3 సంవత్సరాలకే పాడవుతాయి, కొన్ని 7 సంవత్సరాలు కూడా వస్తాయి. చెవి లోపల పెట్టుకునే రకానికి గుబిలి, తేమ ఎక్కువగా తగులుతాయి కనుక చెవి వెనుక పెట్టుకునే రకం కంటే తొందరగా చెడిపోవచ్చు. అయితే మిషనులోని భాగాలన్నీ ఒకే కాలం మన్నవు.

• మామూలు బ్యాటరీ: సైజును, వాడకాన్ని బట్టి కొద్ది రోజుల నుండి రెండు, మూడు వారాలు.
• చెవి వెనుక మిషను గొట్టం: 3 నుండి 6 నెలలకు గట్టిపడుతుంది, మార్చాలి.
• చెవి అచ్చు: పెద్దలకు కొన్నేళ్ళు వస్తుంది. పిల్లలకు చెవి పెరుగుతుంది కనుక కొన్ని నెలలకే వదులవుతుంది.
• జేబు మిషను వైరు: తరచుగా తెగేది ఇదే. ఒకటి అదనంగా ఉంచుకోండి.
• ఛార్జింగ్ బ్యాటరీ: సుమారు 4, 5 సంవత్సరాలు.

విశాఖలో జాగ్రత్త ఎక్కువ కావాలి

మన ఊరి సముద్రపు గాలిలో తేమ, ఉప్పు ఉంటాయి. వేసవి ఉక్కపోతలో చెమట మిషనులోకి దిగుతుంది. ఇవి లోపలి భాగాలకు తుప్పు పట్టిస్తాయి. రాత్రి పడుకునే ముందు మిషనును పొడిగుడ్డతో తుడిచి, మామూలు బ్యాటరీ అయితే తీసివేసి, సిలికా జెల్ ఉన్న మూతడబ్బాలో పెట్టండి. ఎండలోగాని, పొయ్యి దగ్గరగాని ఆరబెట్టవద్దు. స్నానానికి ముందు తప్పక తీయండి.

పాడైందని అనుకునే ముందు

1. కొత్త బ్యాటరీ వేయండి. అతికించిన కాగితం తీసిన తర్వాత కొద్ది నిమిషాలు గాలి తగలనిచ్చి వేయాలి. సైజు రంగును బట్టి తెలుస్తుంది: 10 పసుపు, 312 గోధుమ, 13 నారింజ, 675 నీలం.
2. అచ్చులో, గొట్టంలో గుబిలిగాని, నీటి చుక్కలుగాని ఉన్నాయేమో చూడండి.
3. ఈల శబ్దం వస్తుంటే అచ్చు వదులై ఉండవచ్చు, లేదా చెవిలో గుబిలి నిండి ఉండవచ్చు. పుల్లలు, పిన్నులు పెట్టకుండా డాక్టరుకు చూపించండి.

వాడిన బ్యాటరీలను పిల్లలకు అందనివ్వకండి. బిడ్డ మింగినట్లు అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ముఖ్య గమనిక: ఒకటి రెండు రోజుల్లోనే హఠాత్తుగా వినికిడి తగ్గిపోతే తప్పు మిషనుదని ఊరుకోవద్దు. అది చెవి నరానికి వచ్చిన జబ్బు కావచ్చు. మొదటి రోజుల్లో మందులు మొదలుపెడితే వినికిడి తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. వారాలు గడిస్తే ఆ అవకాశం తగ్గిపోతుంది.

ఎప్పుడు మార్చాలి?

• మళ్ళీ పరీక్ష చేసి, మిషను సరిచేసినా మీ వినికిడి లోపానికి దాని శక్తి చాలనప్పుడు.
• ఏడాదిలో పదే పదే రిపేరుకు వస్తున్నప్పుడు.
• ఆ మోడల్ విడిభాగాలు దొరకనప్పుడు.
• రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగానికి చేరినప్పుడు.

మిషనుకు 5 ఏళ్ళు నిండాయని మాత్రమే మార్చనక్కరలేదు. అయితే సంవత్సరానికి ఒకసారి వినికిడి పరీక్ష తప్పనిసరి. ఉక్కు కర్మాగారంలోను, ఓడరేవులోను రొదలో పనిచేసినవారు దీనిని మరువకూడదు. రొద వల్ల దెబ్బతిన్న నరం తిరిగి బాగుపడదు. వయసుతో వచ్చే లోపం దానికి తోడవుతుంది.

కొత్తది తీసుకునేటప్పుడు

పరీక్ష లేకుండా మిషను కొనవద్దు. ఒకరి మిషను మరొకరు పెట్టుకోవద్దు, ఎక్కువ శబ్దం మిగిలిన వినికిడిని కూడా పాడుచేయవచ్చు. ఛార్జింగ్ రకం సౌకర్యమే. కాని 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నగరంలో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. పాత మిషను పనిచేస్తుంటే బ్యాటరీలతో సహా దాచుకోండి, ఇలాంటప్పుడు అక్కరకు వస్తుంది.

కొనే స్థోమత లేనివారికి కేంద్ర ప్రభుత్వ ఎడిప్ పథకం ఉంది. అర్హత ఉన్నవారు సాధారణంగా 3 సంవత్సరాల తర్వాత మళ్ళీ సహాయం కోరవచ్చు. 12 ఏళ్ళలోపు పిల్లలకు ఈ గడువు 1 సంవత్సరమే. వైకల్య ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం సిద్ధంగా ఉంచుకోండి.

మీ ఇంట్లో బీరువాలో పడి ఉన్న మిషను ఉందా? దానిని, దాని యజమానిని కలిపి పరీక్షకు తీసుకురండి. కొత్తది అవసరమో, చిన్న గొట్టం మారిస్తే సరిపోతుందో అప్పుడు తెలుస్తుంది.