లినక్స్ ల్యాప్‌టాప్‌లో సౌండ్ రాకపోతే: హక్కులు, నియమాలు

ప్రశ్న: ఉబుంటు వేసుకున్నాక స్పీకర్ సౌండ్ బాగా తగ్గిపోయింది. వారంటీ పోయినట్టేనా?

కంగారుపడకండి. ముందు వారంటీ కార్డు చదవండి. మీరు వేసుకున్న సాఫ్ట్‌వేర్‌తో వచ్చే ఇబ్బందికి తమ పూచీ లేదని కంపెనీలు రాస్తాయి. స్పీకరే పాడైతే అది వేరే సంగతి. కాబట్టి తప్పు ఎక్కడుందో తేల్చుకున్నాకే సర్వీస్ సెంటర్ మెట్లెక్కాలి.

ప్రశ్న: ఎలా తేల్చుకోవాలి?

టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ నడపండి. ఎఫ్6 నొక్కి, హెచ్‌డీఎంఐ కాకుండా ల్యాప్‌టాప్ సౌండ్ కార్డును ఎంచుకోండి. మాస్టర్, స్పీకర్, హెడ్‌ఫోన్ అంటూ నిలువు పట్టీలు కనిపిస్తాయి. స్పీకర్ పట్టీ కింద రెండు ‘ఎమ్’లు ఉంటే అది మ్యూట్‌లో ఉన్నట్టే. బాణం మీటతో అక్కడికి వెళ్లి ‘ఎమ్’ నొక్కండి, పైబాణంతో పెంచండి. డెస్క్‌టాప్‌లో వాల్యూమ్ 100 చూపిస్తున్నా ఇక్కడ స్పీకర్ సగంలోనే ఆగి ఉండవచ్చు. ఆటో మ్యూట్ అన్న ఆప్షన్ ఉంటే ఆపి చూడండి; జాక్‌లో ఏమీ లేకపోయినా హెడ్‌ఫోన్ ఉందనుకుని స్పీకర్‌ను ఆపేస్తుండవచ్చు.

అసలు కార్డే కనిపించకపోతే, ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న కొత్త మోడళ్లలో ఎస్‌ఓఎఫ్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ లేకపోవడం ఒక కారణం. కొన్నిటిలో స్పీకర్లకు విడిగా యాంప్లిఫయర్ చిప్ ఉంటుంది. దాన్ని నడపడం పాత కెర్నెల్‌కు రాక సౌండ్ పీలగా వస్తుంది. కెర్నెల్ అప్‌డేట్ చేయండి.

ఇవన్నీ చేసినా ఫలితం లేకపోతే, ల్యాప్‌టాప్ ఆన్ చేసేటప్పుడు వచ్చే హార్డ్‌వేర్ టెస్ట్ ఉంటే నడపండి. అందులోనూ స్పీకర్ పలకకపోతే అనుమానం హార్డ్‌వేర్ మీదే. వీడియో తీసి పెట్టుకోండి, రేపు మీ మాటకు అదే ఆధారం.

ప్రశ్న: వాల్యూమ్ 100 దాటించవచ్చా?

వీలుంటుంది, కానీ శబ్దం చీలిపోతుంది. చిన్న స్పీకర్లకు మంచిది కాదు.

ప్రశ్న: కాలేజీ ల్యాప్‌టాప్‌లో నా యూజర్‌ను ఆడియో గ్రూపులో చేర్చుకోవాలా?

వద్దు. ఇప్పటి డెస్క్‌టాప్‌లలో ముందు కూర్చుని లాగిన్ అయినవారికి సౌండ్ వాడే అనుమతి సిస్టమే ఇస్తుంది. గ్రూపులో ఉన్నవారికి ఆ మెషీన్ మీద ఇంకొకరు కూర్చున్నప్పుడు కూడా మైకు అందుబాటులో ఉంటుంది. తోటివారి గోప్యతకు ఇది నిజమైన ముప్పు. సౌండ్ సరిచేయడానికి కావాల్సిన సూడో (అడ్మిన్) అధికారం మీకు లేకపోతే అడ్మిన్‌నే అడగండి.

ప్రశ్న: లినక్స్ ఉందని సర్వీస్ సెంటర్ చూడనంటోంది. ఏం చేయాలి?

ఆ మాట జాబ్ షీట్ మీద రాసివ్వమనండి. నోటిమాటతో వెనక్కి రావద్దు. లినక్స్‌తోనే అమ్మిన ల్యాప్‌టాప్ అయితే ఆ సాకు అసలే చెల్లదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు ఉంటున్న జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయలు దాటకపోతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. గడువు 2 ఏళ్లు. బిల్లు, జాబ్ షీట్, ఆ వీడియో జతచేయండి.