కూలెంట్ సెన్సర్ మార్చే ముందు



బిడ్డా, మేడ్చల్‌లో షెడ్డు తెరిచాక నీ దగ్గరికి ఎక్కువగా వచ్చేవి కొత్త బండ్లు కావు. షోరూం ముఖం చూడడం ఎప్పుడో మానేసిన ఎంపీఎఫ్ఐ మారుతి 800లు, జెన్‌లు, శాంత్రోలు. నాగపూర్ హైవే మీద, శామీర్‌పేట దారిలో రాజీవ్ రహదారి మీద ఇంకా తిరుగుతున్నవి. మైలేజీ పడిపోయింది, నల్లపొగ వస్తోంది అనగానే కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ మార్చేయడం మన లైన్లో అలవాటైపోయింది. కొలవకుండా ఆ పని చేయొద్దని చెప్పడానికే ఈ ఉత్తరం.

ఆ సెన్సర్‌లో ఉన్నది వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గే చిన్న థర్మిస్టర్. చాలా బండ్లలో 20 డిగ్రీల దగ్గర 2,500 ఓమ్‌ల చుట్టుపక్కల, 80 దగ్గర 300 ఓమ్‌ల చుట్టుపక్కల చూపిస్తుంది. కచ్చితమైన అంకెకు ఆ మోడల్ మాన్యువల్ చూడాలి. ఇంజిన్ కంప్యూటర్, అంటే ఈసీఎం, 5 వోల్టులిచ్చి, ఆ వైరు మీద నిలిచే వోల్టేజీని బట్టి ఇంజిన్ వేడిని లెక్కగడుతుంది, ఆ లెక్క చూసే పెట్రోలు చిమ్మిస్తుంది. వైరు పూర్తిగా తెగితే ఇంజిన్ మైనస్ 40 డిగ్రీల్లో ఉన్నట్టు కనబడుతుంది కాబట్టి, అది జరగని పనని ఈసీఎం పట్టేసి చెక్ లైటు వెలిగిస్తుంది. అసలు చిక్కు తెగిన సెన్సర్‌తో కాదు, లెక్క తప్పిన సెన్సర్‌తో. 80 డిగ్రీల ఇంజిన్‌ను 50 అని చెబితే ఈసీఎం నమ్మేస్తుంది. లైటు వెలగదు. మే నెల ఎండలో కూడా చల్లని ఇంజిన్‌కు పోసినట్టు పెట్రోలు పోస్తూ ప్లగ్గులను మసిబారుస్తుంది, క్యాటలిటిక్ కన్వర్టర్‌ను చంపేస్తుంది.

అయితే సెన్సర్ నిజం చెబుతున్నప్పుడు కూడా ఇవే లక్షణాలు వస్తాయి. ఎండాకాలంలో బండి వేడెక్కుతోందని థర్మోస్టాట్ పీకేసి వదిలేస్తుంటారు. ఆ ఇంజిన్ డిసెంబరు పొద్దున హైవే ఎక్కితే నిజంగానే వేడెక్కదు. దానికి ఎన్ని కొత్త సెన్సర్లు వేసినా మైలేజీ రాదు. రెండోది కప్లర్ పిన్నుల తుప్పు. తుప్పు వల్ల 300 ఓమ్‌లు అదనంగా చేరాయనుకో. చల్లని ఇంజిన్‌లో 2,500కు అవి కలిస్తే తేడా పెద్దగా తెలియదు. వేడి ఇంజిన్‌లో 300కు కలిస్తే లెక్క రెట్టింపై, 80 డిగ్రీల ఇంజిన్ 60 దగ్గర ఆగినట్టు ఈసీఎంకు తోస్తుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడు ఒకసారి మీటరు పెట్టి సెన్సర్ బాగుందనడం చాలదు.

రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే, సెల్ఫ్ కొట్టకముందు, కప్లర్ తీసి ఓమ్‌లు చూడు. ఆ అంకె అప్పటి గాలి వేడికి సరిపోవాలి. తర్వాత సెన్సర్ ఊడదీసి, పిన్నులు తడవకుండా కొనను నీళ్లలో ముంచి, పక్కనే థర్మామీటర్ పెట్టి మరిగించు. అంకె ఎక్కడా ఎగిరిపడకుండా సాఫీగా దిగాలి. హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి మన దగ్గర నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. 100 అనుకుని మంచి సెన్సర్‌ను పారేయకు. ఆ తర్వాత తాళం ఆన్ చేసి, ఊడదీసిన కప్లర్‌లో 5 వోల్టులు, ఎర్త్ సరిగా వస్తున్నాయో చూడు.

సెన్సర్ ఖరీదు తక్కువే, అరగంట కొలతల కన్నా మార్చడమే లాభం అంటారు. తప్పు సెన్సర్‌దే అయితే ఆ మాట నిజం. వైరింగ్‌దో థర్మోస్టాట్‌దో అయితే కస్టమర్ రెండోసారి డబ్బు కడతాడు, నీ మీద నమ్మకం పోతుంది. పైగా డబ్బాలో వచ్చిన కొత్తది సరైనదన్న హామీ లేదు; దాన్నీ బిగించే ముందు కొలవాల్సిందే. ఇక స్కానర్ ఉంది కదా అంటావు. మన దేశంలో బండి తన లోపాలను తానే పసిగట్టే ఓబీడీ తప్పనిసరి కావడం 2010లో మొదలైంది, అంతకుముందు బండ్లలో చాలావాటికి మామూలు స్కానర్ పలకదు. పలికినా అది చూపేది ఈసీఎం నమ్ముతున్న అంకెనే, ఇంజిన్ అసలు వేడిని కాదు.

కొన్ని పాత ఇంజిన్లలో మీటరు ముల్లుకు వేరే సెన్సర్ ఉంటుంది, ఎక్కువగా ఒకే వైరుతో. ముల్లు సరిగా ఉందని ఈసీఎంకు వెళ్లే సెన్సర్‌ను కొలవకుండా వదిలేయకు. వేడి ఇంజిన్ మీద రేడియేటర్ మూత మాత్రం ఎప్పుడూ తిప్పకు బిడ్డా, లోపల ఒత్తిడి మీద ఉన్న కూలెంట్ ముఖం మీదికి చిమ్ముతుంది.

ఆశీస్సులతో,
పెద్దనాన్న