చేతిరుమాలు

వేసవి తొలినాళ్లలో గుంటూరు మిర్చి యార్డులోనికి పోయినవారు తుమ్మకుండ తిరిగి రాలేరు. టిక్కీలని పిలువబడు మిరప బస్తాలను విప్పగానే ఘాటు గుప్పుమనును. అచ్చట తొడిమలు తీయు స్త్రీలు, బరువులు మోయు హమాలీలు ముక్కును నోటిని గుడ్డతో బిగించి కట్టుకొని పనిచేయుదురు. ఆ గుడ్డ లేనిచో ఊపిరి సలుపదు. చుట్టుప్రక్కల నల్లరేగడి చేలలో ప్రత్తి తీయువారి తలలను ఎండనుండి కాపాడునదియు అట్టి గుడ్డయే. బడికి పోవు బాలుని జేబులో నాలుగు మడతలుగా ఒదిగియుండు చేతిరుమాలు దానికి చిన్న తోబుట్టువు.

రుమాలు అను మాట పారసీకమునుండి వచ్చినది. ఆ భాషలో ‘రూ’ అనగా ముఖము. ‘మాల్’ అనగా తుడుచునది. ముఖము తుడుచుకొను వస్త్రమని దాని అర్థము. తెలుగువారు ఆ మాటను తమ అవసరములకు తగినట్లు మలచుకొనిరి. చేతనుంచుకొనునది చేతిరుమాలు అయినది. జేబులో నుంచుకొనునది జేబురుమాలు అయినది. తెలంగాణ పల్లెలలో రుమాలనగా తలకు చుట్టుకొను పాగా. ముఖమునకై పుట్టిన మాట ఇట్లు చేతికి దిగినది, తలకు ఎక్కినది.

మాట విదేశమునుండి రాగా, రుమాళ్లు ఈ నేలనుండి విదేశములకు పోయినవి. వానిలో పేరుగన్నది చీరాల తేలియా రుమాలు. చీరాల 1970 వరకు గుంటూరు జిల్లాలోను, పిదప ప్రకాశము జిల్లాలోను ఉండి, 2022లో బాపట్ల జిల్లాలో చేరినది. జిల్లాలు మారినను అది నేతగాండ్ర ఊరను పేరు మారలేదు.

హిందీలో ‘తేల్’ అనగా నూనె. ఈ రుమాలు తయారగుటకు మొదట నూలు నూనె త్రాగవలెను. ఆముదపు కాయల పొట్టును కాల్చి, ఆ బూడిదను నీటిలో కలిపి వడగట్టుదురు. ఆ క్షారజలమునకు నూనె చేర్చగా పాలవంటి ద్రవమగును. నూలును అనేక దినములు అందులో నానవైచి, పిసికి, ఎండలో ఆరవేయుదురు. అప్పుడు ఎరుపు రంగు నూలును గట్టిగా పట్టుకొనును, ఉదికినను వెలియదు. పిమ్మట పడుగు దారములను, పేక దారములను కొలతప్రకారము అక్కడక్కడ బిగించి కట్టి అద్దకము చేయుదురు. కట్టినచోట రంగు అంటదు. నేయునప్పుడు పడుగులోని చుక్క పేకలోని చుక్కతో కలిసినచో చిత్రము తీరును. వెండ్రుకవాసి తప్పినను చెదరును. ఎరుపు, నలుపు, తెలుపు అను మూడు రంగులతోనే పూలను, గళ్లను, తరువాతి కాలమున గడియారములను, విమానములను కూడ నేసిరి.

ఈ రుమాళ్లను బెస్తలు, పశులకాపరులు తలకు చుట్టుకొనిరి, మొలకు కట్టుకొనిరి. నూనె పట్టిన గుడ్డ ఎండలో తలను చల్లగా ఉంచునని వారి నమ్మిక. అరబ్బు దేశములలో వీనికి గిరాకి హెచ్చుగా ఉండెను. అయితే దూరదేశపు గిరాకి నేతగాని చేతిలోనిది కాదు. ఎంత నేర్పుతో నేసినను, కొనువారు లేనిచో ఆ నేర్పు కూడు పెట్టదు. ఇరువదవ శతాబ్దమున కొనువారు తగ్గగా చీరాల మగ్గములు క్రమముగా ఇతర వస్త్రములవైపు మరలినవి. పేరు తెచ్చిన ఊరిలోనే తేలియా రుమాలు అరుదయ్యెను.

అయినను ఆ విద్య నశింపలేదు. నేటి యాదాద్రి భువనగిరి జిల్లాలోని పుట్టపాక నేతగాండ్రు దానిని నేర్చి నిలిపిరి. రుమాలుపై తీర్చు చిత్రములను వారు చీరలపైకి, దుపట్టాలపైకి కూడ తెచ్చి, క్రొత్తగా కొనువారిని సంపాదించుకొనిరి. 2020లో తేలియా రుమాలునకు భౌగోళిక గుర్తింపు లభించినప్పుడు ఆ గౌరవము పుట్టపాకకు దక్కినది. విద్య ఊరిని బట్టి నిలువదు. నేర్చిన చేతిని బట్టి, ఆ చేతికి దొరకు కూలిని బట్టి నిలుచును.

నేటి జేబురుమాలు తరచు యంత్రముపై నేసినది. దానికి నూనెవాసన లేదు. అయినను దానిని విప్పి వెలుగునకు పట్టి చూచినచో పడుగును పేకయు కనబడును. ఆ రెండింటి చుక్కలను తప్పక కలుపుటకు ఒకప్పుడు చీరాల మగ్గములపై ఎన్నో కన్నులు అలసినవి. జానెడు గుడ్డను చులకనగా చూడరాదని చెప్పుటకు ఆ శ్రమ చాలును.