బాయిలర్ ఆగిపోతే మన చెయ్యి ఎంతవరకు? ఇంగ్లండ్‌లో అద్దెకుంటున్నవారి ప్రశ్నలు

హైదరాబాద్ నుంచో గుంటూరు నుంచో సెప్టెంబరులో ఇంగ్లండ్‌లో దిగిన పిల్లలకు బాయిలర్ అనేదొకటి ఉందని తెలిసేది చాలాసార్లు అది ఆగిపోయిన రోజే. ఇక్కడ గీజర్ పాడైతే స్టవ్ మీద నీళ్లు కాచుకుంటాం, పని గడిచిపోతుంది. అక్కడ జనవరిలో బాయిలర్ ఆగితే ఇల్లంతా చల్లబడిపోతుంది. ఆ కంగారులో కొందరు దాని మూత విప్పబోతారు. ఇంకొందరు ‘ఓనరుతో గొడవెందుకులే’ అని వారాల తరబడి జాకెట్లు వేసుకునే పడుకుంటారు. రెండూ ప్రమాదమే. కింద చెప్పే హక్కులు ఇంగ్లండ్‌వి. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో చట్టాలు వేరు.

రీసెట్ నొక్కే ముందు ఏం చూసుకోవాలి?

అన్నిటికంటే ముందు వాసన. గ్యాస్ వాసన వస్తుంటే రీసెట్ జోలికి పోవద్దు. లైటు వేయొద్దు, వెలుగుతున్నది ఆర్పొద్దు, అగ్గిపుల్ల గీయొద్దు. తలుపులు, కిటికీలు తెరవండి. మీటరు దగ్గరున్న వాల్వ్ పిడిని పైపుకు అడ్డంగా తిప్పితే గ్యాస్ ఆగుతుంది. మీటరు సెల్లార్‌లో ఉండి వాసన అక్కడినుంచే వస్తుంటే మాత్రం కిందికి దిగొద్దు. అందరూ బయటికి వచ్చి 0800 111 999కి ఫోన్ చేయండి. అది 24 గంటలూ పనిచేసే ఉచిత నంబరు. వచ్చినవాళ్లు ప్రమాదం లేకుండా చేసి వెళ్తారు, బాయిలర్ బాగుచేయడం వాళ్ల పని కాదు. వాళ్లు ఆపేసి హెచ్చరిక చీటీ తగిలించిన బాయిలర్‌ను ఏజెంటు చెప్పినా సరే మళ్లీ వెలిగించకండి.

వాసన లేదనుకుందాం. అప్పుడు బాయిలర్ పక్కన గోడకున్న స్విచ్ ఆన్‌లో ఉందా, థర్మోస్టాట్‌లో బ్యాటరీలు ఉన్నాయా, మార్చి, అక్టోబరు నెలల్లో గడియారాలు మార్చినప్పుడు టైమర్ తప్పిందా చూడండి. వంటింట్లో గ్యాస్ స్టవ్ ఉంటే అది వెలుగుతుందో లేదో చూడండి. విద్యార్థుల ఇళ్లలో తరచూ తగిలే కారణం ప్రీపేమెంట్ మీటర్‌లో డబ్బు అయిపోవడం. అర్ధరాత్రి క్రెడిట్ అయిపోయి గ్యాస్ ఆగుతుంది, బాయిలర్ రెండు మూడుసార్లు వెలగడానికి ప్రయత్నించి లాక్ అయిపోతుంది. పొద్దున లేచి చూసేవాళ్లకు అది పాడైనట్టే కనిపిస్తుంది. టాప్ అప్ చేశాక స్టవ్ నాబ్‌లన్నీ కట్టేసి ఉన్నాయని చూసుకుని, మీటర్ అడిగిన బటన్ నొక్కి, ఆ తర్వాత బాయిలర్‌ను ఒక్కసారి రీసెట్ చేస్తే చాలు.

రీసెట్ ఎన్నిసార్లు నొక్కొచ్చు?

ఒకసారి. కారణం తెలిసి సరిచేశాక ఇంకోసారి. మళ్లీ లాక్ అయితే ఆపేయండి. బటన్‌ను ఎన్ని సెకన్లు పట్టి ఉంచాలో మోడల్‌ను బట్టి మారుతుంది. మాన్యువల్ చూసి నొక్కి, రెండు మూడు నిమిషాలు ఆగి చూడండి.

అంత కచ్చితంగా చెప్పడానికి కారణం ఉంది. బాయిలర్ గ్యాస్ వదిలి నిప్పు రవ్వ ఇస్తుంది. మంట అంటుకున్నట్టు లోపలి సెన్సర్‌కు తెలియకపోతే గ్యాస్ మూసేసి తనను తానే లాక్ చేసుకుంటుంది. అది మనల్ని కాపాడే ఏర్పాటు. పదేపదే రీసెట్ నొక్కడమంటే ఆ కాపలాను పదేపదే పక్కకు నెట్టడమే. నొక్కే ముందు తెర మీద ఉన్న కోడ్‌ను ఫొటో తీసుకోండి, రీసెట్ చేస్తే అది పోతుంది. వేలంట్ బాయిలర్‌లో ఎఫ్ 28, ఐడియల్‌లో ఎల్ 2, వూస్టర్‌లో ఈఏ అని పడితే మంట నిలవలేదని అర్థం. వేలంట్‌లో ఎఫ్ 22, ఐడియల్‌లో ఎఫ్ 1 పడితే నీటి ప్రెషర్ తగ్గింది. ఇంజినీరుకు ఆ ఫొటో పంపితే సగం పని ముందే తేలిపోతుంది.

ప్రెషర్ తగ్గింది. మేమే పెంచుకోవచ్చా?

చాలా కాంబీ బాయిలర్లకు పెంచుకోవచ్చు. బాయిలర్ ముందు చిన్న గుండ్రటి మీటర్ ఉంటుంది, కొన్నిటిలో అంకె తెర మీదే కనిపిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు ముల్లు 1కి, 1.5 బార్‌కి మధ్య ఉండాలి. బాయిలర్ ఆఫ్ చేసి చల్లారనివ్వండి. వంగి దాని అడుగున చూస్తే వెండిరంగు జడలా అల్లిన చిన్న గొట్టం, దానికి వాల్వులు కనిపిస్తాయి. దాన్నే ఫిల్లింగ్ లూప్ అంటారు. కొన్ని మోడళ్లలో గొట్టం బదులు ప్లాస్టిక్ పిడి ఉంటుంది. వాల్వులు మెల్లగా తెరవండి. నీళ్లు ఎక్కుతున్న శబ్దం వినిపిస్తుంది, ముల్లు కదులుతుంది. 1.5కి చేరేలోపే రెండు వాల్వులూ గట్టిగా మూసేయండి. మూయడం మర్చిపోతే ప్రెషర్ పెరుగుతూ పోయి, 3 బార్ దగ్గర రక్షణ వాల్వ్ తెరుచుకుని నీళ్లు ఇంటి బయటి గొట్టంలోంచి కారతాయి. ఫిల్లింగ్ లూప్ ఏదో కచ్చితంగా తెలియకపోతే ఏ వాల్వూ తిప్పకండి, ఏజెంటుకు ఫొటో పంపి అడగండి.

నింపిన నాలుగు రోజులకే మళ్లీ పడిపోతే ఎక్కడో లీకుంది. రోజూ నీళ్లు నింపుకుంటూ కూర్చోవడం అద్దెకున్నవాళ్ల పని కాదు. ప్రతిసారీ తేదీతో మీటర్ ఫొటో తీసి ఓనరుకు పంపండి.

రేడియేటర్ పైభాగం చల్లగా, కిందిభాగం వేడిగా ఉంటే లోపల గాలి చేరినట్టు. హీటింగ్ ఆఫ్ చేసి, చల్లారాక, రేడియేటర్ తాళంచెవితో గాలి వాల్వ్‌ను కొంచెం తిప్పితే గాలి బుస్సుమని పోతుంది. నీటిచుక్క రాగానే బిగించండి. తర్వాత ప్రెషర్ మళ్లీ చూసుకోవాలి. అడుగున చల్లగా ఉంటే లోపల మడ్డి పేరుకుంది, అది ఇంజినీరు పని.

బయట గడ్డకట్టే చలి. బాయిలర్ గుడగుడమంటూ ఆగిపోతోంది. ఎందుకు?

ఇంగ్లండ్, వేల్స్‌లలో 2005 ఏప్రిల్ నుంచి కొత్తగా బిగించేవి దాదాపు అన్నీ కండెన్సింగ్ బాయిలర్లే. పొగలోని ఆవిరిని నీళ్లుగా మార్చి ఒక సన్న ప్లాస్టిక్ పైపు గుండా బయటికి వదులుతాయి. ఆ పైపు గోడ బయట ఉంటే నీళ్లు అందులోనే గడ్డకడతాయి. వెనక్కి తన్నిన నీళ్లే ఆ గుడగుడ. నేల మీద నిలబడి అందేంత ఎత్తులో పైపు ఉంటే దాని మీద గోరువెచ్చని నీళ్లు పోయండి, లేదా వేడినీళ్ల సంచి చుట్టి ఉంచండి. మరిగే నీళ్లు పోస్తే పైపు పగులుతుంది, కింద పడ్డ నీళ్లు గడ్డకట్టి కాలు జారుతుంది. మంచు కరిగాక ఒక్కసారి రీసెట్ చేయండి. నిచ్చెన ఎక్కాల్సి వస్తే వద్దు, ఓనరుకు చెప్పండి.

మాలో మెకానికల్ ఇంజినీరు ఉన్నాడు. మూత విప్పి చూడొచ్చా?

వద్దు. ఆ మూత చాలా మోడళ్లలో కాలిన వాయువులు గదిలోకి రాకుండా ఆపే గోడ కూడా. 1998 నాటి గ్యాస్ భద్రతా నిబంధనల ప్రకారం గ్యాస్ పని అందుకు తగిన అర్హత ఉన్నవాళ్లే చేయాలి. దాన్ని వృత్తిగా చేసేవాళ్లు గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉండి తీరాలి. ఓనరు తెలిసినవాణ్ణి పంపినా గ్యాస్ సేఫ్ కార్డు అడగండి, మొహమాటం అక్కర్లేదు. ముందువైపు ఫొటో, లైసెన్సు నంబరు, గడువు తేదీ ఉంటాయి. వెనక్కి తిప్పి చూడండి, ఏయే పనులకు అర్హత ఉందో అక్కడే రాసి ఉంటుంది.

కార్బన్ మోనాక్సైడ్ అలారం ఓనరే పెట్టాలా?

అవును. 2022 అక్టోబరు 1 నుంచి బాయిలర్ లాంటి స్థిరమైన గ్యాస్ పరికరం ఉన్న ప్రతి నివాస గదిలో అద్దె ఇంటి యజమాని ఈ అలారం పెట్టాలి. పాడైందని చెబితే మార్చాలి. వంట స్టవ్ ఒక్కటే ఉన్న గదికి ఈ నియమం వర్తించదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, ఆయాసం ఇంట్లో అందరికీ ఒకేసారి వచ్చి, బయటికి వెళ్లగానే తగ్గుతుంటే జలుబనుకుని మాత్ర వేసుకుని పడుకోవద్దు. బాయిలర్ ఆపి, బయటికి వచ్చి, పైన చెప్పిన నంబరుకే ఫోన్ చేయండి. ఎవరైనా స్పృహ తప్పితే 999.

హీటింగ్ లేదని బొగ్గుల కుంపటిగానీ బార్బెక్యూగానీ గదిలోకి తేవద్దు. మన పల్లెటూరి పెంకుటింట్లో సందుల్లోంచి గాలి ఆడేది. చలికి బిగించి కట్టిన అక్కడి ఇళ్లలో కుంపటి రాత్రికి రాత్రే ప్రాణం తీస్తుంది. ఎలక్ట్రిక్ హీటర్ వాడండి, అదీ ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కాకుండా నేరుగా గోడ సాకెట్‌కే పెట్టండి.

రిపేరు ఖర్చు ఎవరిది? మా అగ్రిమెంటులో అద్దెదారుదే అని రాశారు.

ఓనరుదే. 1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం 11వ సెక్షన్ ప్రకారం హీటింగ్, వేడినీళ్ల ఏర్పాట్లు పనిచేసే స్థితిలో ఉంచాల్సింది ఇంటి యజమాని. అగ్రిమెంటులో ఒక వాక్యం రాసి ఆ బాధ్యతను మీ నెత్తిన పెట్టడం చెల్లదు. మీరే పగలగొడితే ఆ ఖర్చు మీది. మీటర్‌లో డబ్బు, థర్మోస్టాట్ బ్యాటరీ లాంటి చిన్నవి మీరే చూసుకోవడం సబబు.

అడగకపోయినా ఓనరు చేయాల్సింది ఇంకోటుంది. ఏటా గ్యాస్ తనిఖీ చేయించాలి. కొత్తగా చేరేవాళ్లకు దిగేముందే, ఉన్నవాళ్లకు తనిఖీ జరిగిన 28 రోజుల్లో ఆ కాగితం కాపీ ఇవ్వాలి. మీ దగ్గర అది లేకపోతే ఈ పేజీ పక్కనపెట్టి ఇప్పుడే అడగండి.

ఎన్ని రోజుల్లో బాగుచేయాలి?

ప్రైవేటు ఓనర్లకు చట్టం ‘సమంజసమైన సమయం’ అంటుందే తప్ప రోజులు లెక్క చెప్పదు. అయితే పోల్చుకోవడానికి ఒక కొలత ఉంది. కౌన్సిల్ ఇళ్లలో అద్దెకున్నవాళ్ల కోసం 1994లో చేసిన నిబంధనల ప్రకారం అక్టోబరు చివరినుంచి మే మొదటివరకు హీటింగ్ పోతే ఒక్క పనిదినంలో బాగుచేయాలి. మీ ఓనరు రెండు వారాలు నానుస్తుంటే అది సమంజసం కాదని ధైర్యంగా చెప్పొచ్చు.

ఫోన్‌లో చెప్పినా, అదే రోజు ఈమెయిల్ పెట్టండి. ఏ రోజు ఆగింది, ఏ కోడ్ పడింది, మీరేం ప్రయత్నించారు, ఇంట్లో పసిపిల్లలుగానీ పెద్దవాళ్లుగానీ ఉన్నారా, ఇంజినీరు ఎప్పుడు రావచ్చు, ఇంతే రాయండి. బాగయ్యేదాకా హీటర్లు ఇమ్మని కూడా అడగండి. జవాబు రాకపోతే కౌన్సిల్‌లోని ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ విభాగానికి రాయండి. మితిమీరిన చలిని 2004 నాటి హౌసింగ్ చట్టం కింద ఇంటి ప్రమాదాల్లో ఒకటిగా లెక్కిస్తారు, బాగుచేయమని ఓనరుకు నోటీసు ఇచ్చే అధికారం కౌన్సిల్‌కు ఉంది.

అప్పటిదాకా అద్దె ఆపేయొచ్చా?

ఆపకండి. బకాయి పడితే ఖాళీ చేయించడానికి మీరే ఓనరుకు కారణం అందించినట్టవుతుంది. షెల్టర్, సిటిజన్స్ అడ్వైస్, మీ యూనివర్సిటీ స్టూడెంట్స్ యూనియన్, ఈ మూడుచోట్లా ఉచితంగా సలహా ఇస్తారు. డబ్బు విషయంలో ఏ అడుగు వేసినా వాళ్లను అడిగాకే.

ఫిర్యాదు చేస్తే ఖాళీ చేయమంటారేమో. వీసాకు ఇబ్బంది రాదా?

మనవాళ్ల నోరు కట్టేస్తున్న భయం ఇదే, అందుకే దీన్ని విడమర్చి చెప్పాలి. రిపేరు అడగడం ఇమ్మిగ్రేషన్ వ్యవహారం కాదు. 11వ సెక్షన్ అద్దెదారు పౌరసత్వం చూడదు. 2025 అక్టోబరులో ఆమోదం పొందిన రెంటర్స్ రైట్స్ చట్టం ప్రకారం 2026 మే 1 నుంచి ప్రైవేటు అద్దె ఇళ్లలో కారణం చెప్పకుండా ఖాళీ చేయించే సెక్షన్ 21 నోటీసులు ఉండవు. కోర్టుకు వెళ్లకుండా తాళాలు మార్చి అద్దెదారును గెంటేయడం 1977 నుంచీ నేరమే.

తెలిసినవాళ్ల ఇంట్లో గది. కాగితం లేదు, అద్దె చేతికే ఇస్తున్నాం. మాకూ హక్కులుంటాయా?

కాగితం లేనంత మాత్రాన అద్దె ఒప్పందం లేనట్టు కాదు. అద్దె కట్టినట్టు బ్యాంకు ద్వారానో వాట్సాప్‌లోనో ఆధారం ఉండేలా ఇకనైనా చూసుకోండి. ఓనరు కూడా అదే ఇంట్లో ఉంటూ వంటగది పంచుకుంటుంటే మీరు లాడ్జర్ కిందికి వస్తారు. అప్పుడు ఖాళీ చేయించే విషయంలో రక్షణ బాగా తక్కువ. అయినా ఏటా గ్యాస్ తనిఖీ చేయించే బాధ్యత ఆ ఓనరుకూ ఉంటుంది. అన్నయ్య వరసవాళ్ల ఇల్లే అయినా ఆ కాగితం అడగడం తప్పు కాదు. వేర్వేరు కుటుంబాలకు చెందిన ఐదుగురు, అంతకంటే ఎక్కువమంది కలిసి ఉంటున్న ఇంటికైతే కౌన్సిల్ లైసెన్సు ఉండాలి, ప్రతి గదికీ తగిన హీటింగ్ ఏర్పాటూ ఉండాలి. బిల్లు భారమని ఓనరు తన ఫోన్ నుంచే హీటింగ్ కట్టేస్తుంటే గదిలో ఉష్ణోగ్రత రోజూ రాసి పెట్టుకోండి. ఎక్కువసేపు గడిపే గదులను కనీసం 18 డిగ్రీల దగ్గర ఉంచుకోమని అక్కడి ఆరోగ్య భద్రతా సంస్థ చెబుతుంది. కౌన్సిల్‌కు రాసేటప్పుడు మీ లెక్క పక్కన ఆ అంకె పెట్టండి.

డిసెంబరులో ఇండియా వెళ్లి సంక్రాంతి అయ్యాక వస్తాం. హీటింగ్ కట్టేసి వెళ్లాలా?

పూర్తిగా కట్టేయకండి. పైపుల్లో నీళ్లు గడ్డకట్టి పగిలితే మంచు కరిగిన రోజున ఇల్లంతా నీళ్లే, ఆ నష్టం మీ అజాగ్రత్త కిందికి రావచ్చు. థర్మోస్టాట్‌ను తక్కువ డిగ్రీల దగ్గర పెట్టి, ప్రీపేమెంట్ మీటర్ అయితే తిరిగొచ్చేదాకా సరిపోయేంత డబ్బు వేసి వెళ్లండి. ఇల్లు ఎన్ని రోజులు ఖాళీగా ఉంటుందో ఏజెంటుకు ఈమెయిల్ పెట్టండి, కొన్ని అగ్రిమెంట్లలో అది తప్పనిసరి. ఇంట్లో మిగిలే స్నేహితుడికి నీళ్లు కట్టేసే వాల్వ్, గ్యాస్ వాల్వ్ ఎక్కడున్నాయో చూపించి వెళ్లండి.