కొలిచిన తర్వాతే క్లిప్పులు



వార్షికోత్సవ సంచికలో కథలు, కవితలు రాసేవారు చాలామంది ఉంటారు. మేము ఒక పాఠం రాయాలనుకున్నాం. మేమంటే బాన్సువాడ సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఒకే గదిలో పెట్టెలు పెట్టుకొని చదువుకున్న నలుగురం. మాలో ఒకరు దంతవైద్యం చదివారు. మిగతావాళ్ళం వేరే ఉద్యోగాల్లో ఉన్నాం. అయినా ఈ పాఠం రాయడానికి నలుగురికీ ఒకే కారణం ఉంది.

మేము తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మాలో ఒకరికి పై కోరపన్ను వరుసలో చోటు దొరక్క చిగురు మీద పైకి మొలిచింది. అందరం వాణ్ణి ఎక్కిరించాం. ఆ బాధకు సెలవుల్లో ఒకచోట దాన్ని పీకించుకొని వచ్చాడు. ఎక్స్‌రే లేదు, కొలత లేదు. "అడ్డమున్నది, తీసేస్తే అయిపాయె" అన్నారట. మంచిదే అనుకున్నాం. చాలా ఏళ్ళకు గానీ అసలు సంగతి తెలియలేదు. నోట్లో అన్నిటికన్నా పొడవైన వేరు కోరపన్నుది. చోటు చాలనప్పుడు వైద్యులు సాధారణంగా దాని వెనకున్న అగ్రచర్వణకాన్ని తీసి, కోరపన్నును వరుసలోకి దించుతారు. మా వాడికి పోయిన పన్ను మళ్ళీ రాలేదు. అందుకే ఈ పాఠం.

కాలువకు లెవలు, పంటికి కొలత

మన పొలాలకు నీళ్ళిచ్చే నిజాంసాగర్ పనులు 1923లో మొదలై 1931లో పూర్తయ్యాయి. కాలువ తవ్వే ముందు ఇంజనీర్లు భూమి ఎత్తుపల్లాలు కొలుస్తారు. కొలవకుండా తవ్వితే నీళ్ళు పొలానికి రావు. అదే 1931లో అమెరికాలో బ్రాడ్‌బెంట్, జర్మనీలో హోఫ్రాత్ అనే ఇద్దరు దంతవైద్యులు, తలను కదలకుండా నిలిపి పక్క నుంచి ఎక్స్‌రే తీసి ముఖం ఎముకలను కొలిచే పద్ధతిని వేర్వేరుగా ప్రకటించారు. దాని పేరు సెఫలోమెట్రీ. అంతకు ముందు వంకర పళ్ళను బయటి నుంచి చూసి అంచనా వేసేవారు. తర్వాత ఆ వంకర పళ్ళలో ఉందా, దవడ ఎముకలో ఉందా అని తేల్చడం సాధ్యమైంది.

మొదటి కొలత: పళ్ళ అచ్చు

శాశ్వత దంతాలు 32 అని, ఒక్కో వైపు కుంతకాలు, రదనికలు, అగ్రచర్వణకాలు, చర్వణకాలు ఉంటాయని జీవశాస్త్రంలో చదివాం. మెత్తని ముద్దతో పళ్ళ అచ్చు తీసి, అందులో ప్లాస్టర్ పోసి నమూనా చేస్తారు. ఇప్పుడు కొన్నిచోట్ల స్కానర్‌తో కంప్యూటర్లోనే నమూనా తయారవుతుంది. దాని మీద చేసే లెక్క మన ఆరో తరగతి తీసివేతే.

పై వరుసలో రెండు వైపులా మొదటి చర్వణకాలకు ముందున్న 10 పళ్ళ వెడల్పును వెర్నియర్ కాలిపర్స్ వంటి పరికరంతో ఒక్కొక్కటిగా కొలిచి కూడుతారు. 74 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. తర్వాత ఒక సన్నని తీగను దవడ వంపు వెంట పరచి, తిన్నగా చేసి కొలుస్తారు. 68 వచ్చిందనుకుందాం. అంటే 6 మిల్లీమీటర్ల చోటు తక్కువ. తక్కువ 4 లోపుంటే సాధారణంగా పన్ను తీయనవసరం ఉండదు. 10, అంతకు మించితే దాదాపు ఎప్పుడూ తీయాల్సి వస్తుంది. మధ్యలో ఉంటే ముఖం, పెదవులు, చిగుళ్ళు చూసి నిర్ణయిస్తారు. మా మిత్రుడికి ఈ తీసివేత ఎవరూ చేయలేదు.

1958లో బోల్టన్ మరో లెక్క చెప్పాడు. కింది 12 పళ్ళ వెడల్పు మొత్తం, పై 12 పళ్ళ మొత్తంలో సుమారు 91.3 శాతం ఉంటే రెండు వరుసలూ చక్కగా కలుస్తాయి. తేడా ఎక్కువైతే ఎంత క్లిప్పులు వేసినా ఎక్కడో ఒక సందు మిగులుతుంది.

రెండవ కొలత: ఎక్స్‌రేలు

యంత్రం తల చుట్టూ తిరిగి రెండు దవడలనూ ఒకే చిత్రంలో చూపేది ఓపీజీ. చిగురులో దాగిన పన్ను, పుట్టుకతోనే లేని పన్ను, అడ్డంగా పడుకున్న జ్ఞానదంతం ఇందులో కనబడతాయి. అయితే ఈ చిత్రంలో కొన్ని భాగాలు సాగి కనిపిస్తాయి కాబట్టి దీని మీద స్కేలు పెట్టి పొడవులు కొలవకూడదు.

పక్క నుంచి తీసేది సెఫలోగ్రామ్. చెవుల్లో రెండు కడ్డీలు పెట్టి తలను కదలకుండా నిలుపుతారు. ఆ చిత్రంలో నాలుగు బిందువులు గుర్తిస్తారు. ఎస్ అంటే మెదడు కింద పిట్యూటరీ గ్రంథి కూర్చునే గుంట మధ్య. ఎన్ అంటే నుదురు, ముక్కు ఎముకలు కలిసే చోటు. ఏ పై దవడ ముందు భాగంలో, బి కింది దవడ ముందు భాగంలో ఉంటాయి. ఎస్, ఎన్, ఏ కలిపితే వచ్చే కోణం సగటున 82 డిగ్రీలు. ఎస్, ఎన్, బి కోణం 80. రెండింటి తేడా 2. ఇవి 1953లో స్టైనర్ పద్ధతితో ప్రసిద్ధికెక్కాయి.

మన హాస్టల్ తమ్ముడొకరికి ఎనిమిదో తరగతిలో పై పళ్ళు కింది పళ్ళకన్నా 9 మిల్లీమీటర్లు ముందుకున్నాయి. మామూలుగా 2, 3 ఉండాలి. ఫోటో తీస్తే చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. ఈసారి మేము ఎక్కిరించలేదు, దంత కళాశాలకు తీసుకెళ్ళాం. కోణాలు చూస్తే పై దవడ 82, కింది దవడ 76, తేడా 6. అంటే పై దవడ ముందుకు రాలేదు, కింది దవడే వెనకబడింది. పై పళ్ళు మాత్రమే చూసి పీకి ఉంటే తప్పు చోట పని చేసినట్లయ్యేది.

మూడవ కొలత: వయసు

అదే ఎక్స్‌రేలో మెడ ఎముకలు కూడా కనబడతాయి. రెండు, మూడు, నాలుగో ఎముకల ఆకారాన్ని బట్టి ఇంకా ఎంత ఎదుగుదల మిగిలి ఉందో అంచనా వేస్తారు. ఆడపిల్లలకు ఈ ఎదుగుదల జోరు మగపిల్లలకన్నా సుమారు రెండేళ్ళు ముందే వస్తుంది. మన తమ్ముడు సరిగ్గా ఎదిగే వయసులో ఉన్నాడు. కింది దవడను ముందుకు నిలిపే ట్విన్ బ్లాక్ అనే రెండు పలకలు ఇచ్చారు. అన్నం మెతుకులు ఇరుక్కుంటాయని మొదట్లో తీసి జేబులో వేసుకునేవాడు. వార్డెన్ సారు రోజూ అడగడంతో అలవాటైంది. పది నెలలకు 9 కాస్తా 4 అయింది. అందులో ఎక్కువ భాగం పళ్ళ కదలిక, కొంత ఎముక ఎదుగుదల. ఇప్పుడు క్లిప్పుల దశలో ఉన్నాడు. మొన్న వచ్చిన ఫోటోలో చెయ్యి అడ్డం లేదు. ఎదుగుదల ఆగాక వెళ్తే ఈ పలకల దారి ఉండదు. దవడ తేడా పెద్దదైతే శస్త్రచికిత్స దాకా పోవచ్చు.

ఎవరి ముఖం కొలత?

82, 80 అనే సంఖ్యలు అమెరికాలోని తెల్లవారి ముఖాలను కొలిచి తీసినవి. మన దేశంలో కొలిచి చూస్తే ముందు పళ్ళు, పెదవులు వాళ్ళకన్నా కొంచెం ముందుకుండటం మామూలేనని తేలింది. కాబట్టి పుస్తకంలోని సంఖ్య మన ముఖానికి తీర్పు కాదు. కొంచెం ముందుకున్న పళ్ళన్నీ రోగం కావు. అయితే బాగా ముందుకున్న పళ్ళు ఆటల్లో పడినప్పుడు తొందరగా విరుగుతాయి. చూడాల్సింది అందం ఒక్కటే కాదు.

ఎక్స్‌రే అంటే భయమా?

నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనిషికి ఏడాదికి ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్ట్‌ల వికిరణం ఎలాగూ తగులుతుంది. ఒక ఓపీజీతో తగిలేది సుమారు 0.02, అంటే అందులో మూడు రోజుల వంతు. సెఫలోగ్రామ్‌కు ఇంకా తక్కువ. సీబీసీటీ అనే త్రిమితీయ స్కాన్‌కు ఎక్కువ కాబట్టి, ఎముకలో దాగిన పన్ను వంటి అవసరం ఉంటేనే తీయాలి. అవసరం లేని ఎక్స్‌రే వద్దు, అవసరమైనది మానవద్దు.

తమ్ముళ్ళు గుర్తుంచుకోవలసినవి

1. వంకరగా ఉందని ఏ పన్నూ వెంటనే పీకించుకోవద్దు. "అచ్చు తీశారా, ఎక్స్‌రే చూశారా?" అని అడగండి. అడగడం తప్పు కాదు.

2. పది నుంచి పద్నాలుగేళ్ళ మధ్య ఒకసారి దవడలు చూపించుకోండి.

3. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో ప్రభుత్వ బడి పిల్లల పరీక్షల్లో పళ్ళ సమస్యలు కూడా ఉన్నాయి. ఆ బృందం వచ్చిన రోజు నోరు తెరిచి చూపించండి, సిగ్గుపడవద్దు.

4. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో ఈ చికిత్సకు ప్రత్యేక విభాగం ఉంది.

5. ఎక్స్‌రేలు, నమూనాలు, చీటీలు జాగ్రత్తగా దాచండి. ముందటి కొలత ఉంటేనే ఎంత మారిందో తెలుస్తుంది.

చివరగా ఒక మాట. తోటివాడి పళ్ళను చూసి పేరు పెట్టకండి. మేము పెట్టిన పేరు భరించలేకే మా మిత్రుడు ఆ రోజు పన్ను పీకించుకోవడానికి పరుగెత్తాడు. ఈ పాఠంలో అతనూ మాతో కూర్చుని రాశాడు.