సోమవారం సంగతి

ఇందల్వాయి టోల్‌గేటు దగ్గర ఒక చాయ్ బండి. ఎదురుగా కూర్చున్న కుర్రాడికి పాతికేళ్లు దాటి ఉంటాయేమో. సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో పని. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. చాయ్ మీద మీగడ కట్టింది, ఇంకా ముట్టుకోలేదు.

"అన్నా, ఆదివారం ఏడుస్త. సోమవారం మళ్ల గదే."

గదే అంటే రమ్మీ. డబ్బులు పెట్టి, ఫోన్లో. ఉపవాసం ఉన్నాడట. పాస్టర్ గారితో తల మీద చేతులు పెట్టించుకున్నాడట, దేనికోసమో మాత్రం చెప్పలేదు. యాప్ తీసేశాడు, మళ్లీ వేసుకున్నాడు. తెలంగాణలో ఈ ఆట 2017 నుంచే నేరం. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ నిషేధం తెచ్చింది. అయినా ఒక పేరు మూతపడితే ఇంకో పేరుతో లింకు వస్తూనే ఉంటుంది. చట్టం దుకాణం షట్టరు దించగలదు గానీ దుప్పటి కింద ఫోను వెలుగుని ఆర్పలేదు.

"ఈ సంగతి ఎవలకన్న చెప్పినవా?" అని అడిగాను.

"మీకే చెప్తున్న. మీరు మా ఊరోళ్లు కాదు గదా."

అతని చిక్కంతా ఆ చివరి మాటలో ఉంది. విశ్వాసం తక్కువై కాదు, ప్రార్థన చాలక కాదు. తెలిసినవాళ్లలో ఒక్కరికీ తెలియకుండా ఒక్కడే కుస్తీ పడుతున్నాడు. చీకట్లో ఒంటరిగా పట్టే కుస్తీలో మనల్ని కింద పడేసేవాడికి అలుపు రాదు.

మన కూడికల్లో సాక్ష్యాలు ఎప్పుడైనా గమనించి విన్నారా? అన్నీ భూతకాలమే. తాగేవాణ్ణి, మానేశాను. తిట్టేదాన్ని, ప్రభువు మార్చాడు. సంతోషమే. కానీ నిన్న రాత్రి తొమ్మిదిన్నరకు నేను పడిపోయాను అని మైకు ముందు చెప్పినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి. అపొస్తలుడైన పౌలు మాత్రం రోమా పత్రిక ఏడో అధ్యాయంలో ఆ పనే చేశాడు. చేయాలనుకున్న మంచి చేయలేకపోతున్నాను, వద్దనుకున్నదే చేస్తున్నాను అని మొత్తుకున్నాడు. అది తన గురించేనా, మనిషి స్థితి గురించా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు, వాదించుకోనివ్వండి. క్రియలు మాత్రం వర్తమానంలో ఉన్నాయి. పైగా అది డైరీలో రాసుకున్నది కాదు. తాను అప్పటికి చూడను కూడా చూడని సంఘంలో పదిమంది ముందు చదివి వినిపించే ఉత్తరం.

ముందు ఒక గందరగోళం వదిలించుకుందాం. శోధన వేరు, పాపం వేరు. యేసుకూ అరణ్యంలో శోధన వచ్చింది. వచ్చినందుకు ఆయన తప్పు చేసినట్టు ఏ సువార్తా రాయలేదు. మనం మాత్రం మనసులో తలపు మెదలగానే 'అయిపోయింది, పడిపోయాను' అనుకుంటాం. ఎలాగూ పడ్డాం కదా అని పూర్తిగా పడతాం. ఒక గ్లాసు కల్లు దిగాక లొట్టిలో మిగతాది ఎందుకు మిగలాలి అన్నట్టు. రెండో గ్లాసు పోసేది దాహం కాదు, ఈ లెక్కే.

లొట్టి అన్నాను కాబట్టి దాని సంగతే చూడండి. పొద్దున చెట్టు మీంచి దించిన కల్లు తియ్యగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ పులుస్తుంది. ఎవరూ ఏమీ కలపనక్కర్లేదు, ఊరికే వదిలేస్తే చాలు. నీరాగానే ఉంచాలంటే చెట్టుకు కట్టకముందే లొట్టి లోపల సున్నం రాయాలి. పులిశాక సున్నం వేస్తానంటే గీత కార్మికుడు నవ్వుతాడు. కోరిక గర్భం దాల్చి పాపాన్ని కంటుందని యాకోబు పత్రిక చెప్పేదీ ఇలాంటి క్రమమే. పోరాటమంతా ఆఖరి నిమిషంలో, వేలు తెర మీద ఉండగా చేయబోతాం. అప్పటికే పులిసిపోయి ఉంటుంది.

సున్నం ఎప్పుడు, ఎక్కడ రాయాలో తెలియాలంటే మీ పాపాన్ని విశేషణాలతో కాకుండా గడియారంతో చూడండి. నేను ఘోరపాపిని అంటే దానితో ఎవరూ ఏమీ చేయలేరు. దుకాణం మూశాక తొమ్మిదిన్నరకు, జీతం పడిన వారంలో, అమ్మతో గొడవ పడిన రోజు అనండి, అప్పుడు పట్టుకోవడానికి ఒక కొస దొరుకుతుంది. దావీదు కథలో బత్షెబ కన్నా ముందు రెండు వివరాలున్నాయి. రాజులు యుద్ధానికి వెళ్లే కాలంలో ఆయన యెరూషలేములోనే ఉండిపోయాడు. సాయంత్రం పడక మీంచి లేచి మిద్దె ఎక్కాడు. పని లేని సాయంత్రం, ఎత్తయిన చోటు. ఇవాళ ఆ మిద్దె మన జేబులోకి వచ్చింది, అంతే తేడా. యజమాని భార్య పట్టుకున్నప్పుడు యోసేపు అయితే వాదన పెట్టుకోలేదు, పై వస్త్రం ఆమె చేతిలోనే వదిలేసి పరుగెత్తాడు. పరుగెత్తడం పిరికితనం అనే మగతనపు గప్పాలు మన కుర్రాళ్లకు ఎవరు నేర్పారో గానీ, కొన్ని యుద్ధాలకు కాళ్లే ఆయుధం.

కాబట్టి రాత్రి ఫోను చార్జింగ్ హాల్లో పెట్టండి. జీతం పడిన రోజే ఇంటి ఖర్చు ఇంటి మనిషి ఖాతాకు పంపేయండి. కల్లు దుకాణం ముందునుంచి వెళ్లే దారి దగ్గరైనా సరే, చుట్టు దారిన వెళ్లండి. ఇవి ఆధ్యాత్మికంగా కనిపించవని నాకు తెలుసు. శోధనలోకి తేవద్దని రోజూ ప్రార్థించి, కాళ్లను అటే నడిపిస్తే ఆ ప్రార్థన మీద మనకే నమ్మకం లేనట్టు.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు ఇంకో మాట. ఈ నిజామాబాదు జిల్లాలో దుబాయికో మస్కట్‌కో మనిషిని పంపని ఊరు అరుదు. ఎనిమిది మంది పడుకునే గదిలో కూడా మనిషి ఒంటరిగా ఉండగలడు. సెలవు రోజు మధ్యాహ్నం, డ్యూటీ లేదు, నిద్ర రాదు. సరిగ్గా ఆ గంటకే ఇంటికి వీడియో కాల్ పెట్టుకోండి, ఖాళీ ఉన్నప్పుడు చేస్తాలే అని వదిలేయకండి. ఖాళీ గంటే కదా మీ అసలు శత్రువు.

ఇక ఆ కుర్రాడి అసలు చిక్కు, దాచడం సంగతి. దానికోసం ఇందల్వాయికి పక్కనే ఉన్న డిచ్‌పల్లి వెళ్దాం. స్కాట్లాండు నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ వెస్లియన్ మెథడిస్టు మిషనరీలు. 1907లో హైదరాబాదు సంస్థానానికి వచ్చారు. నిజామాబాదు దాత రాజా నర్సాగౌడ్ ఇచ్చిన విరాళంతో 1915 నాటికి డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల ఆసుపత్రి వెలిసింది. ఒక హిందూ దాత డబ్బు, ఒక క్రైస్తవ డాక్టరు చేయి, దిక్కులేని రోగులు. ఆ ముచ్చట విడిగా ఒక వ్యాసానికి సరిపోతుంది.

ఒకటి చెప్పి ముందుకు వెళ్తాను. కుష్ఠును పాపానికి పోలికగా వాడే ప్రసంగాలు నాకు ఒళ్లుమంట. అది సూక్ష్మక్రిమి వల్ల వచ్చే జబ్బు. పాపఫలం అనే ముద్ర వేసే లోకం రోగులను ఊరవతలికి తోసింది. నేను తీసుకునే పోలిక జబ్బుది కాదు, వైద్యానిది.

ఆ వైద్యం ఎలా మొదలవుతుంది? చర్మం మీద ఒక మచ్చ. నొప్పి ఉండదు, దురద ఉండదు. అందుకే చొక్కా కింద ఏళ్ల తరబడి దాగి ఉంటుంది. డాక్టరు దూదితోనో ఈకతోనో తాకి చూస్తే అక్కడ స్పర్శ తెలియదు. చూపిస్తేనే మందు మొదలవుతుంది. ఇసబెల్ కెర్ కాలంలో మందు అంటే చాల్‌మూగ్ర నూనె ఇంజెక్షన్లు. ప్రాణం పోయేంత నొప్పి. వారం వారం రావాలి, నెలలు పట్టేది, ఏళ్లు పట్టేది. ఇప్పుడు మచ్చలు తక్కువ ఉన్నప్పుడే వస్తే ఆరు నెలల మాత్రలు, ఎక్కువయ్యాక వస్తే పన్నెండు నెలలు. ముందు చూపించినవాడికి సగం కోర్సే. దాచినవాడికి మాత్రం వేళ్లు పోవచ్చు, ఆ తర్వాత మందు క్రిమిని చంపుతుంది గానీ పోయిన వేళ్లను తేదు.

కెర్ దంపతులు వచ్చిన మెథడిస్టు సంప్రదాయంలోనే మనుషుల లోపలి మచ్చలకూ ఇలాంటి వారం వారం ఏర్పాటు ఉండేది. జాన్ వెస్లీ 1738లో చిన్న చిన్న బృందాలకు నియమాలు రాశాడు. వారానికోసారి కలవాలి. ఒకరినొకరు అడగాలి. పోయినసారి కలిసినప్పటి నుంచి తెలిసి చేసిన పాపాలేమిటి? ఎలాంటి శోధనలు వచ్చాయి? వాటి నుంచి ఎలా బయటపడ్డావు? 1742లో బ్రిస్టల్లో ఇంకో తమాషా జరిగింది. ప్రార్థనా మందిరం అప్పు తీర్చడానికి తలా ఒక పెన్నీ చొప్పున వారం చందా పెట్టారు. పన్నెండు మందికి ఒక నాయకుడు. చందా కోసం ఇళ్లకు వెళ్లినవాడికి ఒక ఇంట్లో మొగుడు పెళ్లాల గొడవ, ఇంకో ఇంట్లో తాగుడు కనబడ్డాయి. అలా డబ్బు వసూలు కాస్తా ఆత్మల పరామర్శగా మారి, అక్కణ్ణుంచి క్లాస్ మీటింగు పుట్టింది. కెర్ దంపతుల మిషను ఈ ప్రాంతంలో నాటిన సంఘాలు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి, ఇప్పుడు మెదక్ డయాసిస్ కింద ఉన్నాయి. చాలా చోట్ల చందా రిజిస్టరు భద్రంగానే ఉంది. ఆ మూడు ప్రశ్నలే ఎక్కడో జారిపోయాయి.

వాటిని తిరిగి తెచ్చుకోవడానికి కమిటీ తీర్మానం అక్కర్లేదు. ఒక్క మనిషి చాలు. మగవాళ్లకు మగవాడు, ఆడవాళ్లకు ఆడమనిషి. మీరు చెప్పగానే "అయ్యో దేవా!" అని గుండె బాదుకునేవాళ్లు వద్దు. ఏం పర్లేదులే అందరూ చేసేదే అనేవాళ్లు అసలే వద్దు. ఇంకో రకం ఉంటారు, జాగ్రత్త. మీ గుట్టు విని, మర్నాడు నలుగురిలో "ఫలానా తమ్ముడి కోసం ప్రార్థనలో పెట్టండి, ఎందుకో అడగకండి" అనేవాళ్లు. ప్రార్థన ముసుగులో నడిచే చాడీ ఇది. నోరు కట్టేసుకోగలిగి, ఎదురు ప్రశ్న వేయగలిగి, తన మచ్చ కూడా చూపించేవాణ్ణి వెతకండి. తనకు మచ్చే లేదనేవాడి దగ్గరికి వెళ్లకండి, వాడికి స్పర్శ పోయి ఉంటుంది. రోజు, గంట ఖాయం చేసుకోండి. వీలున్నప్పుడు మాట్లాడుకుందాం అంటే ఎప్పటికీ మాట్లాడుకోరు.

ఆడవాళ్లు ఇది మగవాళ్ల గొడవని పేజీ తిప్పకండి. బీడీలు చుడుతూ పొద్దంతా కూర్చునే చోట చేతుల కన్నా నాలుక వేగంగా కదులుతుంది. ఎవరి కోడలు ఎలాంటిదో తేల్చేసి, సాయంత్రం స్త్రీల కూడికలో ముసుగు వేసుకుని మోకరిస్తారు. ఇంట్లో తెలియకుండా తెచ్చిన చిట్టీ అప్పు, దాన్ని కప్పడానికి ఇంకో అప్పు. దాచడమే దానికి తిండి. ఇది రమ్మీకి ఏం తీసిపోదు.

ఒక్క విషయంలో మాత్రం తోడు మనిషి చాలడు, పాస్టర్ గారూ చాలరు. ఈ ప్రాంతంలో కల్తీ కల్లు పాత గాయం. కల్లులో అల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారు. దానికి అలవాటుపడ్డవాడు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, పిచ్చి చూపులు, ఫిట్స్ కూడా రావచ్చు. ఇంట్లోవాళ్లు అపవాది పట్టిందనుకుని కూడికకు మోసుకొస్తారు. ప్రార్థన చేయండి, ఆసుపత్రికి వెళ్లే ఆటోలో చేయండి. ఆ మత్తుమందును డాక్టరు పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి. దారి తెలియకపోతే 14416కు ఫోన్ చేయండి, అది ప్రభుత్వ టెలిమానస్ నంబరు, ఖర్చు లేదు. ఒప్పుకొని మానేద్దామని నిలబడినవాణ్ణి ఫిట్స్‌కు బలిచేస్తే ఆ పాపం ఎవరి ఖాతాలో రాయాలి?

ఇన్ని చేసినా పడతారు. పడ్డ తర్వాత ఆదివారం దాకా ఆగడమే మనకు అలవాటు. సోమవారం పడినవాడు ఆరు రోజులు ముఖం చాటేసుకుని, ఎలాగూ ఆదివారం ఏడుస్తాం కదా అని ఈలోగా ఇంకో నాలుగుసార్లు పడతాడు. యూదా, పేతురు ఇద్దరూ యేసును పట్టుకెళ్లిన ఆ ఒక్క రాత్రే గురువును వదిలేశారు. ఒకడు ముప్పై వెండి నాణేలకు, ఒకడు మంట దగ్గర ఒక పనిపిల్ల మాటకు జడిసి. ఇద్దరూ బాధపడ్డారు. యూదా అయితే డబ్బు కూడా వెనక్కి విసిరేశాడు, తప్పు చేశానని ఒప్పుకున్నాడు కూడా, కానీ గురువును పట్టుకెళ్లినవాళ్ల దగ్గర. తర్వాత ఒంటరిగా వెళ్లిపోయాడు. పేతురు వెక్కి వెక్కి ఏడ్చాడు, మూడో రోజు పొద్దున చూస్తే తోటి శిష్యుడి పక్కన ఉన్నాడు. తోటివాళ్లకు ఏ ముఖం పెట్టుకుని ఎదురుపడ్డాడో సువార్తలు చెప్పవు. ఎదురుపడ్డాడన్నది మాత్రం తెలుస్తూనే ఉంది.

చాయ్ బండి దగ్గర కుర్రాడికి ఇంత చెప్పలేదు. వాళ్ల సంఘంలో నమ్మదగిన మనిషి ఎవరని అడిగితే చాలాసేపు ఆలోచించి, గంట కొట్టే ముసలాయన పేరు చెప్పాడు. "తాతకు చెప్త అన్నా, జర టైం కావాలె. అప్పటిదాంక మీకే చేస్త." సరేనన్నాను. సోమవారం రాత్రి పది దాటాక ఫోను మోగింది.

"అన్నా, ఇయ్యాల ఆడిన. మూడొందలు పోయినయ్."

"ఎన్ని గంటలకు?"

"తొమ్మిదిన్నరకు. షట్టర్ ఏసినంక."

"యాడ కూసున్నవ్?"

కాసేపు మాట రాలేదు. వెనక రైలు కూత వినబడింది.

"స్టేషన్ల, అన్నా. ఇంక ఈడ్నే ఉన్న."

"తాత ఇల్లు అక్కణ్ణుంచి ఎంత దూరం?"